చుక్క లేని గడి

మా జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్, నా రక్తపరీక్ష కాగితం చూసి, షుగర్ సరిగ్గా గీత మీద నిలబడి ఉందని, రోజూ ఓ గంట నడవకపోతే మాత్రలు మొదలుపెట్టక తప్పదని చెప్పింది. నా నడక అలా మొదలైంది. మేము స్లైగోలో కాపురం పెట్టి అప్పటికి పదేళ్ళు. కృత్రిమ మోకాలి కీళ్ళు తయారుచేసే ఫ్యాక్టరీలో, నాణ్యత తనిఖీ విభాగంలో నా ఉద్యోగం. ఇల్లు, ఫ్యాక్టరీ, రెండు నెలలకోసారి డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో ఆడపడుచు వాళ్ళ అపార్ట్‌మెంట్. నేనెరిగిన ఐర్లండ్ అంతే. సముద్రం ఇంటికి పావుగంట దూరంలో ఉన్నా, చుట్టాలు వచ్చినప్పుడు తప్ప చూసింది లేదు.

ఏప్రిల్‌లో ఒక శనివారం మధ్యాహ్నం ఊరి బయట సన్నటి దారిలో నడుస్తున్నాను. దారి పక్క కాలవ గట్టు మీద ఒక పెద్దావిడ బోర్లా పడి కనిపించింది. తల నీళ్ళ మీదకు వాలి ఉంది. పరుగెత్తుకెళ్ళాను.

"పడిపోయారా? దెబ్బ తగిలిందా? అంబులెన్స్ పిలవనా?"

"గ్రాండ్, నేను గ్రాండ్," అందావిడ తల ఎత్తకుండానే. బాగానే ఉన్నాననడానికి ఇక్కడ ఆ మాటే. "నీ నీడ నీళ్ళ మీద పడుతోంది. కాస్త పక్కకు జరుగుతావా, తల్లీ?"

జరిగాను. వెళ్ళిపోవాలో నిలబడాలో తెలియలేదు. ఆవిడే చెయ్యి ఊపి పక్కన కూర్చోమంది. ప్యాంటు తడిసిపోతుందని తెలిసీ మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఆవిడ వేలితో నీళ్ళలో ఒక ఆకు చూపించింది. చిటికెన వేలి గోరంత ఆకు, మధ్యకు మడతపడి ఉంది.

"గాలికి మడత పడిందనుకుంటున్నావా? కాదు. ఒక తల్లి వెనక కాళ్ళతో పట్టుకుని మడిచింది."

మడత కొసను ఆవిడ చూపుడువేలితో కాస్త ఎత్తింది. లోపల ఉడికిన సగ్గుబియ్యం గింజలాంటిది ఒకటి, దాని నడుమ మీగడ రంగు చుక్క. గుడ్డు. ఆకుకు ఒక్కటే గుడ్డు. అలా ఒక్కో ఆకూ మడుస్తూ, ఒక్కో గుడ్డూ దాస్తూ, వసంతమంతా వందల గుడ్లు పెడుతుందట. మా వీధి చివర కిళ్ళీ కొట్టతను తమలపాకు మడిచి లవంగం గుచ్చేవాడు. ఆ చేతివాటం చూడటం కోసమే చిన్నప్పుడు నాన్న వెంట వెళ్ళేదాన్ని. ఇక్కడ చేతులు లేవు, కొట్టు లేదు, చూసేవాళ్ళూ లేరు. అయినా మడత అంత పొందిగ్గా ఉంది.

ఆవిడ పక్కనే తెల్లటి ప్లాస్టిక్ పళ్ళెంలో నీళ్ళు పోసి ఉన్నాయి. అందులో వేలెడు పొడవు జీవి ఒకటి కదిలింది. చూడగానే ఎగిరి వెనక్కి గెంతాను.

"బల్లి!"

మా ఇంట్లో బల్లి మీద పడిందంటే పెద్ద గొడవ. తలస్నానం చెయ్యాలి. ఈలోగా మా మేనత్త పంచాంగం తీసి ఎడమ భుజమా కుడి భుజమా అని ఆరా తీసి ఫలం చదివేది. ఆ భయం నాతో పాటు విమానం ఎక్కి వచ్చింది.

ఆవిడ నవ్వింది. "బల్లి కాదు. బల్లికి పొలుసులుంటాయి, దీనికి లేవు చూడు. ఇది కప్పకు చుట్టం. సాలమాండర్ల కుటుంబం. ఈ దేశం మొత్తానికి ఆ కుటుంబంలో ఉన్నది ఇదొక్కటే. న్యూట్ అంటాం."

మెల్లగా వంగి చూశాను. మగది. వీపు పొడుగునా అలలు అలలుగా రెక్కలాంటి పొర. పొట్ట పండిన నారింజ తొక్క రంగు, దాని మీద నల్లటి మచ్చలు. ఏ రెండింటి మచ్చలూ ఒకేలా ఉండవట, మన వేలిముద్రల్లాగా. పదేళ్ళుగా ఈ కాలవ పక్కనుంచి కార్లో వెళ్తున్నాను. ఈ నారింజ రంగు ఈ నీళ్ళలో పదేళ్ళుగానే ఉంది.

ఆవిడ ఎవరో అప్పుడు చెప్పింది. ముప్ఫై ఏళ్ళకు పైగా పోస్టు వ్యానులో ఉత్తరాలు పంచి రిటైరైంది. ఇప్పుడు న్యూట్లు ఎక్కడెక్కడున్నాయో వెతికి రాసే స్వచ్ఛంద సేవకురాలు. చట్టం కాపాడే జీవి కాబట్టి పట్టుకోవాలంటే లైసెన్సు ఉండాలి. ఆ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేసుకుంది. తర్వాత బ్యాగులోంచి పటం తీసింది. తీరప్రాంతమంతా పది కిలోమీటర్ల గడులుగా గీసి ఉంది. న్యూట్ కనిపించిన గడిలో చుక్క. స్లైగోకు పడమటగా, సముద్రంలోకి పొడుచుకు వచ్చిన నేల మీద ఒక గడి ఖాళీగా ఉంది.

"ఇది నా పాత రూటు," అంది వేలితో తడుతూ. "ఈ గడిలో ప్రతి గుమ్మానికీ ఉత్తరం ఇచ్చాను. ఏ కుక్క కరుస్తుందో, ఏ ముసలాయన టీ ఇస్తాడో అన్నీ తెలుసు. న్యూట్ ఉందో లేదో మాత్రం తెలియదు."

"చుక్క లేదంటే అక్కడ లేనట్టేగా?"

"కాదు తల్లీ. ఎవరూ చూడలేదని అర్థం."

నాణ్యత విభాగంలో రోజూ నేను కొత్తవాళ్ళకు చెప్పే మాటే అది. దొరకలేదు అనడం వేరు, లేదు అనడం వేరు. నా మాట నాకే ఆవిడ నోటి వెంట వినిపించేసరికి, వచ్చే శనివారం నేనూ రావచ్చా అని అడిగేశాను.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన టీవీ ఆపి మరీ నవ్వాడు. ఆయనది వరంగల్.

"గోడ మీద బల్లి కనవడితె ఇల్లంత లేపుతవ్. ఇప్పుడు బల్లుల కోసం వానల తిరుగుతవా?"

"బల్లి కాదు. కప్పకి చుట్టం."

"గిదింకా మంచిగుంది," అన్నాడు.

ఆ వసంతమంతా శనివారాలు ఆ గడిలోనే గడిచాయి. ఒక గుంట నుంచి ఇంకో గుంటకు వెళ్ళే ముందు బూట్లు, వల, పళ్ళెం అన్నీ మందునీళ్ళతో కడగాలి. ఒకచోటి రోగం ఇంకోచోటికి మోయకూడదు. ఫ్యాక్టరీలో శుభ్రమైన గదిలోకి వెళ్ళేముందు గౌను, టోపీ, చేతి తొడుగులు వేసుకునే దానితో పోలిస్తే ఇది చాలా చిన్న పని, నాకు చిరాకనిపించలేదు. పొయ్యిలో కాల్చుకునే పీట్ మట్టి తవ్విన బురద గుంటల్లో నీళ్ళు పుల్లనివి, న్యూట్లకు పడవు. ఇసుక దిబ్బల మధ్య మడుగులు మే నెలకే ఎండిపోయాయి. రోడ్డు పక్క చెరువులో ఎవరో చేపలు వదిలారు. చేపలుంటే పిల్లల్ని మిగలనివ్వవు. జూన్ చివరికి మా నోట్‌బుక్ నిండా ఒకటే మాట: వెతికాం, లేదు.

నిరుత్సాహంగా లేదా అని అడిగితే ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోస్తూ, "ఉత్తరాలు లేని రోజున కూడా వ్యాను తిప్పాల్సిందేగా," అంది.

మరుసటి ఏడు మార్చిలో మళ్ళీ మొదలుపెట్టాం. మేము అడుగుపెట్టని పొలం ఒక్కటే మిగిలింది. కొస మీద, సముద్రపు గాలి నేరుగా తగిలే చోట, ఒక ఒంటరి రైతుది. ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. కిందటేడు రెండుసార్లు గేటు దగ్గరే ఆపేశాడు. ఈసారి కూడా గేటు మీద చేతులానించి నిలబడ్డాడు. ఎడమ కాలు నేల మీద పూర్తిగా మోపడం లేదు.

"ఇక్కడ అలాంటివేం లేవు," అన్నాడు. "నాకు తెలుసు అవేంటో. ఎండుగడ్డి కోతలప్పుడు మా అమ్మ చెప్పేది, నోరు తెరుచుకుని నిద్రపోకురా, గొంతులోకి దూరి నువ్వు తిన్నదంతా తినేస్తుంది అని. దూరితే ఉప్పు మాంసం తిని వాగు పక్కన పడుకోవాలంట. దాహానికి అదే బయటికి దూకుతుందట." చెప్తూ చెప్తూ ఆయన ముఖం మెత్తబడింది. "మా నాన్న అయితే దాన్ని పట్టుకుని నాకాడు. నాకిన నాలుకకు కాలిన గాయాలు మాన్పే గుణం వస్తుందని. చుట్టుపక్కల ఎవరికి చెయ్యి కాలినా మా ఇంటికే వచ్చేవాళ్ళు."

బల్లిపాటు ఫలం చదివే మా మేనత్త ఈయన ఎదురుగా కూర్చుని ఉంటే ఇద్దరికీ సాయంత్రం దాకా కబుర్లు తెగేవి కావు.

పోస్టావిడ మాత్రం చాలా మామూలుగా అడిగింది. "మీ నాన్నకు అది ఎక్కడ దొరికిందో?"

ఆయన పొలం వెనక వైపు ఓసారి తిరిగి చూశాడు. తను ఏం చెప్పేశాడో అప్పుడు అర్థమైనట్టుంది. ఇలా అన్నాడు, "సున్నపు బట్టీ వెనక. రాయి తవ్విన గుంట. కానీ అది నా చిన్నప్పటి మాట. ఇప్పుడు లేవు. ఉన్నాయని తేలితే నా పొలం మీద ప్రభుత్వం పెత్తనం చేస్తుంది. నాకొద్దు."

ఆవిడ నా వైపు చూసింది. మేము చూసిన పీట్ గుంటలన్నిట్లో పుల్ల నీళ్ళే. సున్నపురాయి ఉన్న చోట ఆ పులుపు విరిగిపోతుంది, న్యూట్లు బతకొచ్చు.

మేము కారు వైపు తిరిగాం. ఆయన నన్ను పిలిచాడు. "నువ్వు ఆసుపత్రిలో పనిచేస్తావా?" భారతీయులందరూ ఆసుపత్రిలోనే పనిచేస్తారని ఇక్కడి పెద్దవాళ్ళ నమ్మకం.

"కాదండీ. మోకాళ్ళు చేసే ఫ్యాక్టరీలో."

ఆయన ఎడమ కాలు వైపు చూసుకున్నాడు. మోకాలి ఆపరేషన్‌కు రమ్మని స్లైగో ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిందని, ఇంకా జవాబివ్వలేదని నెమ్మదిగా చెప్పాడు. తర్వాత అడిగాడు, "బరువెంత ఉంటుంది అది? కాలు ఈడ్చుకుంటూ తిరగాలా?"

గేటు పక్క బకెట్‌లో ఆ ఉదయం కడిగిపెట్టిన బంగాళదుంపలున్నాయి. ఒక పెద్దది తీసి చేతిలో తూచుకున్నాను. చాలలేదు. దానికి ఒక చిన్నది కలిపాను. పదేళ్ళుగా రోజూ ఆ బరువును చేతుల్లో పట్టుకుంటున్న దాన్ని, పొరపాటు పడను. రెండూ ఆయన అరచేతిలో పెట్టాను.

"ఇంతే. పైగా మీ పాత ఎముక కొంత తీసేస్తారు కాబట్టి మీకు ఇంత కూడా తెలియదు."

ఆయన ఆ దుంపల్ని చాలాసేపు చేతిలో ఆడించాడు. ఏ లోహం, తుప్పు పడుతుందా, చలికి జివ్వుమంటుందా, గోడ దూకొచ్చా అని అడుగుతూ పోయాడు. గోడ దూకకూడదని చెప్పాను. అరగంట నిలబడ్డాం. చివరికి దుంపలు బకెట్‌లో వేసి అన్నాడు, "వచ్చే శనివారం రండి. ఉన్నాయని తేలితే ఆ గుంట పూడ్చకూడదంటారు, అంతేనా?"

"అబద్ధం చెప్పను," అంది పోస్టావిడ. "అడగకుండా పూడ్చకూడదు. అయితే పటంలో పడేది గడికి ఒక చుక్క. నీ గేటు నంబరు ఎవరికీ కనిపించదు."

"పూడ్చేవాణ్ణయితే దూడ పడి చచ్చిన ఏడే పూడ్చేవాణ్ణి," అని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ శనివారం ఎండ కాసింది. అది కూడా చెప్పుకోవలసిన సంగతే. కూలిపోయిన బట్టీ వెనక, ముళ్ళపొదల మధ్య, ఒక పెద్ద గది అంత గుంట. దూడ పడ్డప్పటి నుంచి చుట్టూ కంచె ఉంది, పశువులు తొక్కలేదు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే అడుగున తెల్లరాళ్ళ మీద మా నీడల తలలు కనిపిస్తున్నాయి. గోడ అవతల సముద్రం హోరు. ఇక్కడ మాత్రం ఒక్క అల లేదు.

మేము వల తియ్యనే లేదు. ముగ్గురం ఒడ్డున కూర్చున్నాం. ఆయన తలకిందులు చేసిన బకెట్ మీద, మేము నేల మీద. కాసేపటికి లోతులోంచి ఒక సన్నటి గీత పైకి లేచింది. నీళ్ళ పైకి మూతి పెట్టి, ఒక గుటక గాలి మింగి, బుడగ వదిలి కిందకు జారిపోయింది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఆ మూలన రెండు. కళ్ళు అలవాటుపడే కొద్దీ గుంట అంతా వాటితోనే నిండి ఉందని తెలిసింది. ఒక మగది ఆడదాని ముందు అడ్డంగా నిలబడి, తోక మడిచి, గాజులో దీపం రెపరెపలాడినట్టు ఆడిస్తోంది. ఆడది కాసేపు చూసి, ఏమీ ఎరగనట్టు ఆకు వైపు నడిచింది.

పోస్టావిడ చేతిలో పెన్సిల్ ఉంది, రాయడం లేదు. ఆవిడ బుగ్గల మీద తడి చూసి నేను సముద్రం వైపు తిరిగాను.

"అరవై ఏళ్ళు," అన్నాడు రైతు చివరికి, గుసగుసగా. "రోజూ ఈ గోడ పక్కనుంచే పాలు పిండడానికి వెళ్ళాను."

పొట్ట మచ్చల ఫోటోలు కావాలి కాబట్టి తర్వాత ఆవిడ వలతో కొన్నిటిని తీసి పళ్ళెంలో వదిలింది. చెయ్యి తడుపుకోమని నాకు చెప్పి, ఒక ఆడదాన్ని నా అరచేతిలోకి జార్చింది. బరువే లేదు. చల్లటి నీటి బొట్టుకు కాళ్ళు వచ్చి నిలబడినట్టు ఉంది. మేనత్త గుర్తొచ్చినా చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు చూశాను దాని ముందు కాలు. ఎడమది మామూలుగా ఉంది. కుడిది మణికట్టు దాకా గోధుమరంగు, అక్కడి నుంచి లేత గులాబీ. ఆ లేత రంగు కొసన చిన్న చెయ్యి. నాలుగు వేళ్ళు, నూకగింజల్లాగా, ఇంకా పూర్తిగా విడివడలేదు.

"ఇదేంటి? పుట్టుకతోనే ఇలాగా?"

"కాదు," అంది ఆవిడ. "ఏ నీటిపురుగో కొరికేసి ఉంటుంది. మళ్ళీ మొలుస్తోంది."

"చర్మమా?"

"చర్మం, ఎముక, నరం, అన్నీ. పూర్తయ్యాక ఏది పాతదో ఏది కొత్తదో నువ్వు చెప్పలేవు."

నేను చేసే పని ఏమిటో చెప్పానుగా. మేము ఒక కీలు చెయ్యాలంటే కొలిమి, మరలు, మెరుగుపెట్టే యంత్రాలు కావాలి. నా బల్ల దగ్గరికి వచ్చాక కొలతలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, కంటికి కనపడని గీత ఉన్నా పక్కన పడేస్తాను. అయినా అది లోహమే, అరిగిపోతుంది. ఇక్కడ ఒక రాతి గుంటలో, ఎవరూ కొలవకుండా, ఈ వేలెడు జీవి తన చేతిని తానే తయారు చేసుకుంటోంది. సరిగ్గా ఎంత పొడవు రావాలో అంతే. మణికట్టు దగ్గర మొదలుపెట్టి మణికట్టు దగ్గరివే చేస్తోంది, మోచెయ్యి చెయ్యడం లేదు. నాలుగో వేలు అయ్యాక ఆగుతుంది. ఎక్కడ ఆగాలో దానికెలా తెలుసు?

అది పైకే అన్నాను కాబోలు. పోస్టావిడ, "నాకు తెలియదు తల్లీ," అంది. "తెలిసినవాళ్ళు కూడా పూర్తిగా తెలుసనరు."

రైతు బకెట్ మీదనుంచి లేచి, కుంటుకుంటూ వచ్చి, నా చేతి మీదకు వంగాడు. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి చాలాసేపు చూశాడు.

"దీనికి ఆసుపత్రి నుంచి ఉత్తరం రాలేదన్నమాట," అన్నాడు. ముగ్గురం నవ్వాం. న్యూట్‌ను నీళ్ళలోకి వదిలాను. లేత చేతిని కూడా ఆనించి, రాయి మీద నడుచుకుంటూ వెళ్ళింది.

మేము పంపిన ఫోటోలు నిపుణులు చూసి ఒప్పుకోవడానికి కొన్ని నెలలు పట్టింది. ఒకరోజు మధ్యాహ్నం క్యాంటీన్‌లో పెరుగన్నం తింటూ ఫోన్లో పటం తెరిచాను. తీరం కొసన చుక్క. ఎన్నిసార్లు వేళ్ళతో పెద్దది చేసి చూసుకున్నానో. మా ఆయనకు ఫోన్ చేశాను.

"వచ్చిందా? ఆ కొసకున్న గడేనా?" అన్నాడు నేను చెప్పకముందే. "నేనూ పొద్దున చూసిన. అప్పటికింక రాలె."

ఆయన రోజూ చూస్తున్నాడని నాకు తెలియదు.

ఆగస్టు చివర్లో ఒక సాయంత్రం, ఆరున్నర అయి ఉంటుంది, జోరు వాన. రైతు ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయి ఐదు వారాలు అప్పటికి. ఫిజియో నడవమన్న దూరం బట్టీ దాకా సరిపోతుందని రోజూ అటే వెళ్తున్నాడట. "మీరిద్దరూ రండి, త్వరగా," అని పెట్టేశాడు. ఏమైందో అనుకుంటూ పోస్టావిడను కార్లో ఎక్కించుకుని వెళ్ళాను. ఈసారి మా ఆయన కూడా ఎక్కాడు.

రైతు కర్ర పట్టుకుని దారి మధ్యలో నిలబడి ఉన్నాడు. ఆయన వెనక పక్కింటివాళ్ళ ట్రాక్టర్ ఆగి ఉంది, ఇంజన్ ఆపేసి. కర్రతో నేల చూపించాడు.

మొదట ఏమీ కనపడలేదు. తర్వాత తడి రాళ్ళ మీద ఒక చీపురుపుల్ల ముక్క కదిలింది. పిల్ల న్యూట్. ఆ వసంతంలో ఆకు మడతలో దాక్కున్న గుడ్లలో ఒకటి. నీళ్ళలో మొప్పలతో బతికి, మొప్పలు పోగొట్టుకుని, ఊపిరితిత్తులు తెచ్చుకుని, పుట్టిన గుంటను వదిలి బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. అక్కడక్కడా ఇంకా కొన్ని. ఒక అడుగు వేసి ఆగడం, తల ఎత్తడం, మళ్ళీ ఒక అడుగు. వాన బొట్టు పక్కన పడితే ఆ తాకిడికి ఒరిగిపోయి, సర్దుకుని, మళ్ళీ నడక. దారికి అవతల రాతిగోడ. చలికాలమంతా దాని సందుల్లో ఉండి, మళ్ళీ నీళ్ళకు రావడానికి రెండు మూడేళ్ళు పడుతుందట.

మా ఆయన గొడుగు మూసేసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎవలు చెప్పిన్రే వీటికి, గోడ అటు దిక్కున్నదని?" అన్నాడు మెల్లగా.

ట్రాక్టర్ అతను దిగి వచ్చి మా వరసలో నిలబడ్డాడు. చివరి పిల్ల గోడ మొదట్లో ఉన్న నాచును పట్టుకుని, రెండు రాళ్ళ మధ్య చీకట్లోకి తోక లాక్కునేదాకా, ఐదుగురం తడుస్తూ అక్కడే ఉన్నాం.